రాజమార్గమును ప్రక్కయిల్లును: నష్టపరిహార ధర్మచరిత్ర

మా బావమరిది అంగడి యొక పట్టణమున పెద్దబజారులో నున్నది. ఆ యంగడిని కట్టించినవారు అతని తాతగారు. కట్టించునాడు ఆయన తన స్థలములో మూడడుగులు వీథికి విడిచి, గోడను వెనుకకు జరిపి పునాది వేయించెను. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చినచో తొలగుటకు చోటు లేదని బజారువా రనుకొనుచుండుటయే దానికి గారణము. ఆ మూడడుగులును కాలక్రమమున పురపాలకసంఘమువారి పటములో వీథిగనే యెక్కినవి. ప్రక్క యంగడివా రట్లు విడువలేదు. వారి యరుగు వీథి యంచువఱకు వచ్చి యుండెను.

కొన్ని యేండ్ల క్రిందట ఆ వీథిలో పైవంతెన కట్టిరి. దానిని జనులు ఫ్లైఓవరందురు. వంతెన యెక్కు వాలు సరిగా ఈ రెండంగళ్ల ముందే మొదలైనది. ప్రక్కను మిగిలిన సన్నబాటను సిమెంటుతో నెత్తు చేసిరి. ప్రక్కవారి యరుగు పనికి గావలసివచ్చెను గాన సర్కారువారు దానిని చట్టప్రకారము తీసికొని, అరుగునకు వెలయు, మిగిలిన యంగడికి గలిగిన నష్టమునకై కొంత సొమ్మును ఇచ్చిరి. మా బావమరిదికి కాసైన రాలేదు. బేర మిద్దఱికిని ఒక్కతీరుననే పడిపోయినది. బండి నిలుపుట కిద్దఱి ముందును చోటు లేదు. వానకాలమున వీథినీరు ఇద్దఱి యంగళ్లలోనికిని వచ్చుచున్నది.

“బావగారూ, మాది వారు తీసికొనలేదట. తీసికొననిదానికి పరిహారము లేదట. తాతగారు మూడడుగులు విడువకున్నచో మాకును వచ్చియుండెడిదట. ఇదెక్కడి ధర్మము? మీరు శాస్త్రములు చదివినవారు గదా, చెప్పుడు” అని అతడు నన్నడిగెను. అప్పుడు నేనేమియు చెప్పజాలనైతిని. పాఠశాలపని విరమించిన తీరికలో నాకు దొరికిన గ్రంథములును, తీర్పులును తిరుగవేసి తెలిసికొన్న సంగతులను మహాసభకు విచ్చేసిన కులబాంధవుల యెదుటను, పోషకుల యెదుటను ఉంచుచున్నాను. వర్తకులమగు మనలో బజారువీథిని ఇల్లో యంగడియో లేనివారు తక్కువ గనుక ఇది యొక్కని యింటి గొడవ గాదని తలచెదను.

మొదట మన ధర్మశాస్త్రమును జూతము. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున సీమావివాదమును జెప్పుచోట సేతువును గూర్చి రెండు శ్లోకములున్నవి. సేతువనగా నిచ్చట నదిమీది వంతెన గాదు. నీటికొఱకు కట్టిన గట్టు, త్రవ్విన కాలువ. నీటిని పాఱించుటకు త్రవ్వునది ఖేయమనియు, నీటిని నిలుపుటకు గట్టునది బంధ్యమనియు నారదుడు దానిని విభజించెను. యాజ్ఞవల్క్యుని మొదటి శ్లోకమునకు తాత్పర్యమిది: పలువురకు మేలు చేయు సేతువు వలన బాధ యల్పమైనచో పొలము గలవాడు దాని నడ్డగింపరాదు, పరుని భూమిలో గొంత చోటు పట్టు బావిని సైతము, చోటు కొంచెము నీరు హెచ్చు గనుక, అడ్డగింపరాదు. రెండవ శ్లోకము మఱియు జాగ్రత్తగా జూడదగినది. పొలము గలవానికి దెలుపకయే యొకడు ఆ పొలమున సేతువు గట్టినచో దాని ఫలము కట్టినవానికి గాదు, పొలము గలవానికే చెందును. వాడు లేనిచో రాజునకు చెందును. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణనగరమందున్న విజ్ఞానేశ్వరుడు తన మితాక్షరలో వీనిని వ్యాఖ్యానించెను.

కౌటిల్యు డర్థశాస్త్రమున ఇంకొక మెట్టు ముందుకు బోయెను. వెనుక గట్టిన దిగువచెఱువు, ముందున్న యెగువచెఱువు క్రింది పొలమును తన నీటితో ముంచరాదని యాయన విధించెను. అనగా ఎగువరైతు భూమిని ఎవ్వరును తీసికొనకున్నను, వాని పొలము నీటమునుగుట దోషమే యని యాయన మతము. ఇది మన విషయమునకు మిక్కిలి దగ్గఱ. అయినను అల్పబాధకు వెలగట్టి సొమ్మిమ్మని యాజ్ఞవల్క్యుడు చెప్పలేదు. ఊరికొఱకు కొంచెము సహింపవలయు ననియే యాయన భావము. ఆ బాధ యల్పమో యధికమో నిర్ణయింపవలసిన వారెవ్వరు? అనుభవించువాడా, కట్టువాడా? ఈ ప్రశ్న నేటికిని తెగలేదు.

ఈ సందర్భమున రాజతరంగిణిలోని యొక కథను చెప్పక విడువజాలను. క్రీ. శ. పండ్రెండవ శతాబ్దమున కల్హణుడు రచించిన యా గ్రంథము నాలుగవ తరంగమున చంద్రాపీడుడను కాశ్మీరరాజు చరిత్ర యున్నది. ఆ రాజు ఎనిమిదవ శతాబ్దపు మొదటివాడు. త్రిభువనస్వామి యను పేర విష్ణ్వాలయము గట్ట దలచి స్థలము నిర్ణయింపగా అచ్చట నొక చర్మకారుని గుడిసె యుండెను. అధికారు లెంత సొమ్మిత్తుమన్నను వాడు విడువలేదు. కొలత సూత్రమును వేయనీయలేదు. వారు కోపించి రాజుతో విన్నవించిరి. రాజు వానిపై గాక వారిపైననే కోపించెను. వాని నడుగకయే పని మొదలుపెట్టుట మీ తప్పు. పని నాపుడు, లేదా వేఱొకచోట గట్టుడు, పరుని భూమి నపహరించి పుణ్యకార్యమును చెఱుపుకొనువాడెవ్వడని మందలించెను.

పిమ్మట చర్మకారుడు రాజదర్శనము గోరెను. వాడు సభలోనికి రాదగనివాడని యనుకొను కాలమది. రాజు వెలుపలికి వచ్చి వానితో మాటలాడెను. కుండమూతిని గవాక్షముగా నమర్చిన ఆ గుడిసె పుట్టినది మొదలు తన సుఖదుఃఖములకు సాక్షియై తల్లివలె నున్నదనియు, దానిని పడగొట్టుట చూడజాలననియు, తమకు మేడ యెట్టిదో తనకు గుడిసె యట్టిదనియు వాడు విన్నవించెను. అయితే మర్యాద ననుసరించి రాజు తన యింటికి వచ్చి యడిగినచో ఇచ్చెద ననెను. రాజు వాని యింటికి బోయి, యడిగి, వెలయిచ్చి గుడిసెను గొనెను. కులపు గొప్పలు చెప్పుకొను సభలలో ఈ కథను చదువుట మంచిదని నా యభిప్రాయము. ఆ కథలో ధర్మము నెఱిగినవారు ఇద్దఱు. ఒకడు రాజు, రెండవవాడు చర్మకారుడు.

కాని నా బావమరిది ప్రశ్న ఇందులో లేదు. ఆ గుడిసె తీసికొనబడినది గనుక వెల వచ్చెను. ఆ గుడిసెకు ప్రక్కగుడిసెవాని మాట కల్హణుడు చెప్పలేదు. దేవాలయపు ప్రాకారము తన గుమ్మమున కడ్డముగా లేచినచో వాడేమి చేసెనో, ఎవ్వరికి మొఱపెట్టుకొనెనో మనకు దెలియదు.

ప్రక్కగుడిసెవాని చరిత్ర ఆంగ్లేయుల దేశమున దొరకును. మన నేటి భూసేకరణ శాసనములకు మూలమచ్చటనే యున్నది గనుక కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. 1792 వ సంవత్సరమున లండనులో అద్దపుపలకలు చేయు నొక సంఘమువారు వీథులు చదునుచేయువారిపై వ్యాజ్యెము వేసిరి. వారు వీథిని ఎత్తు చేయగా సంఘమువారి గిడ్డంగి ద్వారమున బండి దూఱుటకు వీలులేకపోయెను. శాసనాధికారముతో, దుర్బుద్ధి లేక, తమ పని తాము చేసినవారిపై ఇట్టి వ్యాజ్యెము చెల్లదని న్యాయమూర్తి కెన్యను ప్రభువు తీర్పు చెప్పెను. ఇట్టివి చెల్లినచో దేశమున నొక్క బాటయు వేయుటకు వీలుండదని యాయన భయము. ఆ భయ మంతయు నిరాధారమని యనజాలము. అమెరికాలోని బోస్టను నగరమున 1823 వ సంవత్సరమున ఇందుకు సరిగా తలక్రిందుగా జరిగెను. అచ్చట వీథిని త్రవ్వి పల్లము చేయగా నొక గృహస్థుని యింటి పునాది బయటపడెను. భూమి నేమియు తీసికొనలేదు గనుక పరిహారము లేదని యచ్చటి న్యాయస్థానము చెప్పెను. వీథి పైకి లేచినను, క్రిందికి దిగినను ఇంటివానికి వచ్చిన జవా బొక్కటియే.

ఇంతలో పొగబండ్లు వచ్చినవి. ఇంగ్లండున వందలకొలది రైలుమార్గములకు పార్లమెంటువా రనుమతి నియ్యవలసివచ్చెను. ఒక్కొక్కదానికి వేఱువేఱు షరతులు వ్రాయుట కష్టమై 1845 వ సంవత్సరమున భూములను గూర్చియు, రైలుమార్గములను గూర్చియు సాధారణ శాసనములు చేసిరి. అందు తీసికొనిన భూమియే గాక, పనివలన చెఱుపునకు లోనైన భూమి ప్రస్తావమును వచ్చెను. ఆ యొక్క మాటను పట్టుకొని న్యాయవాదులు ముప్పది యేండ్లు పోరాడిరి.

మొదట ఫలితములు గృహస్థులకు ప్రతికూలముగనే యుండెను. రైలుకట్ట మీద నిలుచున్న వారికి తన తోట యంతయు కనబడుచున్నదనియు, ఏకాంతము పోయి యింటివెల తగ్గెననియు నొకరు 1857 వ సంవత్సరమున మొఱపెట్టుకొనగా, చూచుట చట్టరీత్యా గాయము గాదనిరి. లండనులో భూగర్భ రైలుమార్గము త్రవ్వుచు నొక సందు నడ్డగింపగా ఆ సందులోని మద్యపుటంగడివాని బేరము పడిపోయెను. అడ్డు తాత్కాలికము, పోయినది బేరమే గాని భూమివెల గాదు గనుక పరిహారము లేదని ప్రభుసభ 1867 వ సంవత్సరమున తీర్పిచ్చెను. ఈ రెండవ తీర్పును మనవారు బాగుగా గుర్తుంచుకొనవలయును. వర్తకునికి బేరమే ప్రాణము. చట్టమునకు మాత్రము గోడలును నేలయును కనబడునంత సులభముగా బేరము కనబడదు. 1869 లో మఱియొక తీర్పు వచ్చెను. రైళ్లు నడచునపుడు కలుగు కంపమువలన నొక యింటివెల తగ్గెను. మార్గము కట్టుటవలన గలిగిన నష్టమునకు పరిహారము గలదు గాని, కట్టిన పిమ్మట దానిని వాడుటవలన గలిగిన నష్టమునకు లేదని ప్రభుసభలో నధికసంఖ్యాకులు చెప్పిరి. కెయిర్న్సు ప్రభువు మాత్రము వారితో నేకీభవింపలేదు.

ఈ విషయమున మిక్కిలి ముఖ్యమైన తీర్పు థేమ్సునది గట్టు పనినుండి పుట్టినది. బజల్జెట్టను గొప్ప యింజనీరు లండనులో నది యుత్తరపు టొడ్డున కరకట్ట గట్టించి, దానిలోపల మురుగుకాలువలును, పైన విశాలమైన బాటయు నేర్పఱచెను. విక్టోరియా కరకట్ట యను పేర అది 1870 వ సంవత్సరమున తెఱవబడెను. నగరమునకు దానివలన గలిగిన మేలు అపారము. బురదయు దుర్గంధమును పోయినవి. కాని నదియొడ్డున బ్రతుకువారికి నది దూరమైనది.

వారిలో నొకడు మకార్తి యను వర్తకుడు. ఇటుకలు, సున్నము మొదలగు కట్టడపుసామగ్రి యమ్మువాడు. అతని యావరణమునకు మిక్కిలి చేరువను వైట్‌ఫ్రయర్సు రేవనునది యుండెను. అది అతని సొంతము గాదు, ఎల్లవారిదియు. అతని సరకు పడవలపై వచ్చి ఆ రేవున దిగుచుండెను. కరకట్ట కట్టగా రేవు పూడిపోయెను. అతని భూమిలో నంగుళమైన తీసికొనలేదు. కరకట్ట గట్టించిన బోర్డువారు, రేవు పదిమందిది, నీకు ప్రత్యేకహక్కు లేదు, నీనుండి మేమేమియు తీసికొనలేదనిరి. వ్యాజ్యెము ప్రభుసభవఱకు బోయి 1874 వ సంవత్సరమున తెగెను. మకార్తి గెలిచెను. అతని న్యాయవాది థెసిజరు చెప్పిన సూత్రమును ప్రభువు లంగీకరించిరి. దాని సారమిది: ఒక యాస్తితో గూడ అనుభవింపదగిన హక్కు, స్వంతహక్కు గానిండు, ప్రజలెల్లరి హక్కు గానిండు, ఆ కట్టడమువలన భౌతికముగా నడ్డగింపబడి, ఆ హక్కు పోవుటచే ఆ యాస్తియొక్క బజారువెల తగ్గినచో, పరిహార మియ్యవలయును. ఆ యంగడిలో ఎవరేమి వ్యాపారము చేయుచున్నారో దానితో పనిలేదు. ఎవ్వరు కొన్నను తక్కువ వెలకే కొందురా యన్నదే ప్రశ్న.

అదే కరకట్ట వలన నష్టపడిన మఱియొకడు బక్లూ ప్రభువు. ఆయన మాంటేగు సౌధపు తోట నది యంచువఱకు నుండెను. కరకట్ట వచ్చి తోటకును నదికిని నడుమ రాజమార్గము పడెను. ఆయనకు నదిలోనికి దిగు కట్ట యొకటి యుండెను. దానిని బోర్డువారు తీసికొనిరి. అంత మాత్రమున, ఏకాంతము పోవుట, బాటమీది రొద, దుమ్ము మొదలగు వానివలన సౌధమునకు గలిగిన వెలతగ్గుదల యంతయు లెక్కలోనికి వచ్చునని ప్రభుసభ 1872 లో నొప్పుకొనెను. రొదయు దుమ్మును ప్రక్కవారికి లేవా? ఉన్నవి. కాని ప్రక్కవారినుండి ఏమియు తీసికొనలేదు. పిమ్మట 1889 లో ఆక్టను గ్రామపు మురుగునీటి పని విషయమునను ఇట్లే, కొంత భూమి తీసికొన్నారు గనుక మిగిలిన భూమికి దుర్గంధభయముచేత తగ్గిన వెలను సైత మియ్యవలసినదని తీర్పు వచ్చెను. బక్లూ ప్రభువునకు నదిలోని కట్ట యేమో మా బావమరిది ప్రక్కవారికి అరుగు అదియే.

థేమ్సుతీరపు ధర్మము సముద్రము దాటి చికాగో నగరమునకు చేరినది. ఆ నగరము చిత్తడినేలపై వెలసినది గాన మురుగుకాలువలకై 1855 మొదలు వీథులను అడుగులకొలది ఎత్తు చేయుచు వచ్చిరి. ఇండ్లు గుంటలలో మిగిలెను. కొన్నింటిని మరలతో నెత్తి నిలిపిరి. అప్పటి రాజ్యాంగమున తీసికొనిన యాస్తికే పరిహారము. 1870 వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రమువారు క్రొత్త రాజ్యాంగము వ్రాసికొనుచు, ‘తీసికొనరాదు’ అనుదాని ప్రక్కను ‘చెఱుపరాదు’ అనునట్టి మాటను జేర్చిరి. అమెరికా రాష్ట్రములలో ఈ పని మొదట చేసినవారు వారే. తరువాత పెక్కు రాష్ట్రములు వారి ననుసరించెను. హాల్స్టెడు వీథిలో నగరమువారు పైవంతెన గట్టగా రిగ్నీ యను నతని యింటినుండి ఆ వీథిలోనికి బోవు దారి తెగిపోయెను. మెట్లెక్కి మాత్రమే పోవలయును. అతని భూమిలో కొంచెమైన పోలేదు. 1882 లో అచ్చటి యున్నతన్యాయస్థానము మకార్తి తీర్పునే యుదాహరించి అతనికి పరిహారము గలదని నిర్ణయించెను. 1888 లో బొగ్గుల యావరణము గల టెయిలరను నతని విషయమున అమెరికా సుప్రీముకోర్టును అట్లే చెప్పెను. అదియు పైవంతెనయే. నూటముప్పది యేండ్లకు మించిన నాటి యీ సంగతి చదివినపుడు మా బావమరిది యంగడి నా కన్నులకు గట్టినది.

ఇంగ్లండునందు ‘వాడుటవలన’ గలుగు నష్టమునకు పరిహారము లేదను 1869 నాటి తీర్పు నూఱేండ్లకు పైగా నిలిచెను. తుదకు 1973 వ సంవత్సరపు శాసనముచే, క్రొత్త బాటలు, విమానాశ్రయములు మొదలగువాని రొద, కంపము, వాసన, పొగ, రాత్రిదీపముల వెలుగు ఇత్యాదులవలన యింటివెల తగ్గినచో, భూమి యేమియు తీసికొనకున్నను, పరిహార మడుగవచ్చునని యేర్పఱచిరి. బాట తెఱచిన యొక యేడాది గడచిన పిమ్మట అడుగవలయును. కెయిర్న్సు ప్రభువు మాట ఇంతకాలమునకు గెలిచినదనవచ్చును.

ఇక మన దేశము. బెంగాలున 1824 వ సంవత్సరపు మొదటి రెగ్యులేషనుతో భూసేకరణ శాసనములు మొదలైనవి. మదరాసు రాజధానికి 1852 వ సంవత్సరపు 20 వ ఆక్టు వచ్చెను. ధవళేశ్వరముకడ గోదావరి యానకట్ట పూర్తియైనదియు ఆ యేడే. బ్రిటిషు ఇండియా కంతటికిని 1857 లో నొకటియు, 1870 లో నొకటియు, తుదకు 1894 వ సంవత్సరపు మొదటి ఆక్టును వచ్చినవి. యజమాని యిష్టము లేక తీసికొనుచున్నందులకు వెలమీద నూటికి 15 చొప్పున నధికముగా నిచ్చుట 1870 లో మొదలైనది. దానిని నేడు సొలేషియమందురు. ఓదార్పుసొమ్మని యర్థము చెప్పుకొనవచ్చును.

1894 నాటి శాసనమున 23 వ సెక్షను మనకు ప్రధానము. అందు బజారువెల మొదటిది. పైరులు, చెట్లు రెండవది. భూమి రెండు ముక్కలగుటవలని నష్టము మూడవది. తీసికొనుటచేత అతని యితర యాస్తికిగాని, సంపాదనకుగాని గలిగిన చెఱుపు నాలుగవది. ఇల్లు, వ్యాపారస్థలము మార్చుకొను ఖర్చు అయిదవది. సంపాదన యను మాట స్పష్టముగా నున్నందున మన శాసనము వర్తకునికి ఇంగ్లండు శాసనముకంటె నుదారమైనదే. కాని యీ తలుపులోనికి బోవుటకు తాళపుచెవి యొకటి కావలయును. తీసికొనబడిన భూమిలో హక్కు గలవానికే యీ లెక్క. అరుగు పోయినవానికి ఆ తాళపుచెవి యున్నది; మూడడుగులు ముందే ధర్మము చేసినవానికి లేదు. బక్లూ ప్రభువు దారి మన శాసనములోనికి వచ్చినది. మకార్తి దారి రాలేదు.

ఎచ్చటను రాలేదన్న న్యాయము గాదు. 1890 వ సంవత్సరపు రైల్వే శాసనము, మార్గమును గట్టునపుడు వీలైనంత తక్కువ నష్టము కలిగింపవలయుననియు, కలిగిన నష్టమునకు పరిహార మియ్యవలయుననియు, తగవు వచ్చినచో కలెక్టరు నిర్ణయింపవలయుననియు చెప్పెను. మార్గమున కానుకొనియున్న భూములవారికి దాటుదారులు, తూములు, కాలువలు రైల్వేవారే కట్టించి యియ్యవలయుననియు విధించెను. 1920 వ సంవత్సరపు మదరాసు పట్టణనిర్మాణ శాసనమున, ప్రణాళికవలన వెల తగ్గిన యాస్తికి పరిహారమును, వెల పెరిగిన యాస్తివారినుండి కొంత రాబట్టుటయు రెండునుండెను. ఇది మన జమాఖర్చుల పద్ధతికి సరిపోవు న్యాయము. పైవంతెన దిగిన చోట స్థలముల వెలలు పెరిగి లాభపడినవారు గలరు. వారినుండి ఖాతాలో జమ లేదు. ఎక్కుచోట నష్టపడినవానికి ఖర్చు వ్రాయుటయు లేదు.

వెల యెట్లు కట్టవలయుననుటకు లోకమంతయు నుదాహరించు తీర్పొకటి మన తెలుగునేలనుండియే పుట్టినది. విశాఖపట్టణపు రేవు కట్టిన కాలమున దానికి దక్షిణమున లోవతోటలను భూమిని, మలేరియా నివారణపనులకై సర్కారువారు తీసికొనిరి. అది రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజుగారిది. అందొక మంచినీటి యూట గలదు. ఆ నీటిని కొనదగినవారు రేవువారు తప్ప నింకొకరు లేనపుడు దానికి బజారువెల యేదని వాదము వచ్చెను. కొనువాడొక్కడే యైనను, వాడే తీసికొనువాడైనను, భూమికి గల యోగ్యతకు వెలకట్టవలసినదే యని ప్రివీకౌన్సిలు 1939 లో తీర్పిచ్చెను. ఇంగ్లండు న్యాయవాదులు దీనిని ‘ఇండియాకేసు’ అని వ్యవహరింతురు.

స్వతంత్రము వచ్చినపిమ్మట రాజ్యాంగము 31 వ యధికరణమున ఆస్తిని తీసికొన్నచో పరిహార మియ్యవలయునని యుండెను. 1955 లో నాలుగవ సవరణచే, స్వామ్యముగాని స్వాధీనహక్కుగాని సర్కారునకు చేరని పక్షమున, ఎంత నష్టమైనను దానిని తీసికొనుటగా భావింపరాదని చేర్చిరి. ఇల్లినాయివారు 1870 లో తెఱచిన తలుపును మన మప్పుడు గట్టిగా మూసికొంటిమి. జమీందారీల రద్దు, భూసంస్కరణలు జరుగవలసిన కాలమది. ఆ పనులు మంచివే. తలుపు మూయుటకు వారికి కారణములు లేకపోలేదు. 1978 లో 44 వ సవరణచే ఆ యధికరణమే పోయి, చట్టాధికారము లేక యెవ్వరి యాస్తిని పోగొట్టరాదను 300-ఎ మాత్రము మిగిలెను.

2013 వ సంవత్సరపు క్రొత్త భూసేకరణ శాసనము 2014 జనవరి 1 నుండి యమలులోనికి వచ్చెను. ఓదార్పుసొమ్ము నూటికి నూఱైనది. భూమి తనది గాకున్నను దానిపై మూడేండ్లుగా జీవించుచున్న కౌలుదారులు, చేతిపనివారు మొదలగువారిని సైతము బాధితులలో జేర్చిరి. పాత నాలుగవ యంశము 28 వ సెక్షనులో నట్లే యున్నది. న్యాయమునుబట్టి తగిన యే యితర కారణమునైన చూడవచ్చునని యేడవది చేరినది. తాళపుచెవి సంగతి మాత్రము మాఱలేదు.

కాన భూమి పోవువారు చేయవలసినది వేఱు, పోనివారు చేయవలసినది వేఱు. మనవారు సాధారణముగా నొక తప్పు చేయుదురు. ప్రాథమిక ప్రకటన వచ్చిన అఱువది దినములలో అభ్యంతరము వ్రాసి యియ్యవలసియుండగా, పెద్దలతో మాటలాడుకొందమని యూరకుందురు. తరువాత సొమ్ము వచ్చిననాడు సంతోషముతో వ్రాలు చేయుదురు. ఆ వ్రాలు ప్రక్కను ‘అభ్యంతరముతో పుచ్చుకొంటిని’ అని వ్రాయనిచో, వెల చాలదని పైకి బోవు హక్కు పోవును. పాత శాసనమునను ఇంతే, క్రొత్త శాసనమునను ఇంతే. తీర్పునాడు ఎదుట నున్నవానికి పైకి బోవుటకు గడువు ఆఱువారములు మాత్రమే. ఇంటిలో కొంత భాగమే తీసికొందుమన్నచో, తీసికొన్న యెడల ఇల్లంతయు తీసికొనుడని కోరు హక్కు యజమానికి గలదని చాలమందికి దెలియదు. జాతీయరహదారులకు 1956 నాటి ప్రత్యేక శాసనము గలదు. అందు తగవు కేంద్రప్రభుత్వమువారు నియమించు మధ్యవర్తి యొద్దకు బోవును. 2015 మొదలు వెలకట్టుటలో 2013 నాటి పద్ధతియే దానికిని వర్తించుచున్నది.

భూమి పోనివారికి దారి యిఱుకు. అయినను రాజమార్గమున కానుకొన్న యింటినుండి ఆ మార్గములోనికి వచ్చుపోవు హక్కు ఆ యింటివాని స్వంతహక్కు. దుమ్ము, రొద, బేరపు తగ్గుదలలవంటిది గాదు. దారి తెగినదని చూపగలిగినచో వాదమునకు నిలువనీడ దొరకును. అది చూపుటకు పనికి ముందటి స్థితి యెట్లుండెనో సాక్ష్యము కావలయును. మా బావమరిదికి లేనిది సరిగా నదియే. వీథి ఎంత లేచినదో చెప్పుటకు పాత యెత్తు వ్రాసినవారు లేరు. ఛాయాచిత్రమైన లేదు, అతని పెండ్లినాటి యూరేగింపు చిత్రములో అంగడిగడప కొంచెము కనబడుట తప్ప. పని మొదలుకాకమునుపే కాలువ, తూము, వాలు ఎచ్చట వచ్చునో పటము చూచి, ఇచ్చట మెట్టు కట్టించుడు, అచ్చట తూము పెట్టుడని వ్రాతమూలమున నడిగినచో, సొమ్ముకంటె నది సులభముగా దొరకును. పని ముగిసిన పిమ్మట ఎవ్వరిని వేడినను గుత్తదారుని పేరు చెప్పుదురు.

ఆ పట్టణముననే వంతెనకు రెండవకొసను మఱియొక వీథి వెడల్పు చేయుదురని విని, అచ్చటి మనవారిలో తొమ్మిదిమంది తమ గడపల యెత్తును లైసెన్సుగల సర్వేయరుచేత కొలిపించి, చిత్రములు తీయించి, దస్తావేజులతోపాటు పెట్టెలో పెట్టుకొనిరి. ఆ కొలత ఖర్చు నలుగురును పంచుకొనగా స్వల్పమే యైనది. సంఘమువారును, పోషకులును ప్రతి పట్టణమున నిట్టి పనికి కొంత నిధి యేర్పఱుపవలయునని మహాసభయందు ప్రస్తావింప గోరుచున్నాను.

మా బావమరిది మాత్రము వ్యాజ్యెమునకు బోలేదు. పూర్వము అతని యంగడిలోనికి మూడుమెట్లు ఎక్కి పోవుచుంటిమి. ఇప్పుడు వీథినుండి రెండుమెట్లు దిగి పోవుచున్నాము. గడపముందు అడ్డముగా నొక చిన్న ఇటుకగోడ కట్టించి, వానకాలమున వాకిట ఇసుకసంచులు వేయించుచున్నాడు. తాతగారు విడిచిన మూడడుగుల మీదనే ఆ సంచులుండును.